రేకు ఒంగుతుందో లేదో డ్రాయింగ్ దగ్గరే చెప్పే ప్రోగ్రామ్ రాయడం ఎలా?

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి పప్పు ఆరబెట్టే స్టీల్ ట్రేలు కావాలనుకుందాం. కంప్యూటర్‌లో ట్రే గీయడం అరగంట పని. స్క్రీన్ మీద ఏ మడతైనా పడుతుంది, ఏ కన్నమైనా గుండ్రంగానే ఉంటుంది. అదే డ్రాయింగ్ బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని ఏ ఫ్యాబ్రికేషన్ షాపుకో వెళ్తే, బెండింగ్ మేస్త్రి ఒక్క చూపు చూసి "ఇదెలగ ఒంగుతాది బాబూ?" అంటాడు. రేకు కోసేశాక ఆ మాట వినబడితే రేకు డబ్బులూ, కోత డబ్బులూ పోయినట్టే. కోయకముందే, డ్రాయింగ్ గీసిన మనిషి టేబుల్ దగ్గరే ఆ మాట వినబడేలా చిన్న ప్రోగ్రామ్ రాసుకోవచ్చు.

పైథాన్ కొంచెం వస్తే చాలు. ఇంజినీరింగ్ మూడో ఏడాది విద్యార్థి చేయగలిగిన పనే. ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి చెకింగ్ ఇప్పటికే ఉంది కదా అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ అందులో ముందే నింపి ఇచ్చే అంకెలు ఎక్కడో ఉన్న సగటు షాపువి. మనకు కావలసింది రేపు ఈ రేకును మడవబోయే మెషిన్ ఏమంటుందన్నది. అందుకే ఈ పనిలో సగం షాపులోనే జరుగుతుంది.

ఒక్క పని, ఒక్క షాపు

మొదటి ప్రోగ్రామ్‌లో లేజర్ కటింగ్, ప్రెస్ బ్రేక్ (రేకును నొక్కి మడిచే మెషిన్) బెండింగ్ మాత్రమే పెట్టుకోండి. లేత్, పోత, వెల్డింగ్ జోలికి పోవద్దు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి, కంచు పోత పనికీ, రేకు మడతకీ రూల్స్‌లో పోలికే ఉండదు. అక్కడ కరిగిన లోహం అచ్చులో ఎలా పారుతుంది, చల్లారేటప్పుడు ఎంత కుంచించుకుపోతుంది అన్నది ప్రశ్న. ఇక్కడ రేకు దేని మీద ఆనుకుంటుంది, పైనుంచి నొక్కే పంచ్ ఎక్కడ తగులుతుంది అన్నది ప్రశ్న. రెండూ కలిపి రాస్తే ఏదీ పూర్తవదు.

కటింగ్ విశాఖ ఆటోనగర్‌లో చేయించి, బెండింగ్ బొబ్బిలిలో చేసుకునేవాళ్లూ ఉంటారు. అలాగైతే కటింగ్‌కి ఒక రూల్స్ ఫైలు, బెండింగ్‌కి ఇంకో ఫైలు పెట్టండి.

షాపులో ఏం అడగాలి

వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంచండి. వెర్నియర్, టేపు, నోట్‌బుక్ చాలు. "మీ రూల్స్ ఏమిటండీ" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "ఈ మధ్య తిప్పి పంపిన డ్రాయింగ్ ఏది గురువుగారూ, ఎందుకు పంపారు?" అని అడిగి చూడండి. స్క్రాప్ కుప్పలోంచి ముక్క తీసి చేతిలో పెట్టి మరీ చెబుతారు. డెలివరీ టెన్షన్‌లో ఉన్న రోజు వెళ్లారా, ముక్తసరి జవాబులే దక్కుతాయి.

నోట్‌బుక్‌లోకి రావాల్సినవి: వీ ఆకారపు గాడి ఉన్న డైలు (మడిచేటప్పుడు రేకు కింద ఉండే దిమ్మలు) ఎన్ని ఉన్నాయి, ఒక్కోదాని గాడి వెడల్పు ఎంత, పంచ్‌ల ఎత్తు, విడివిడి పంచ్ ముక్కల పొడవులు, మెషిన్ ఎన్ని టన్నులది, బెడ్ పొడవు ఎంత. షాపులో ఎప్పుడూ స్టాకు ఉండే రేకులేవో, ఆర్డర్ పెడితే గానీ రానివేవో కూడా రాసుకోండి. రేకు మందం దగ్గర మాత్రం కొంచెం ఆగాలి.

షాపులో మందాన్ని మిల్లీమీటర్లలో పలకరు. "16 గేజ్", "18 గేజ్" అంటారు. బ్రిటిష్ స్టాండర్డ్ వైర్ గేజ్ ప్రకారం 16 అంటే 1.626 మి.మీ., 18 అంటే 1.219 మి.మీ. అమెరికన్ స్టీల్ షీట్ గేజ్‌లో అదే 16 అంటే 1.519 మి.మీ. నెట్‌లో మొదట దొరికిన పట్టిక ప్రోగ్రామ్‌లో పెట్టేస్తే ఏ దేశపు గేజ్ వచ్చి కూర్చుంటుందో తెలియదు. గేజ్ నంబరును కేవలం పేరుగా ఉంచండి, లెక్కలోకి రానివ్వకండి. లెక్కకు వెళ్లేది మీరు వెర్నియర్‌తో కొలిచిన మందమే.

డైని బట్టే లెక్క

ప్రెస్ బ్రేక్‌లో కింద డై, పైన పంచ్. రేకు గాడి రెండు భుజాల మీద ఆనుకుని ఉంటుంది, పంచ్ దిగి మధ్యలో నొక్కుతుంది. గాడి అడుగు దాకా నొక్కకుండా మధ్యలోనే కోణం తెచ్చే పద్ధతిని ఎయిర్ బెండింగ్ అంటారు. షాపుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. గాడి వెడల్పు మామూలుగా రేకు మందానికి 8 రెట్లు తీసుకుంటారు. అంటే 2 మి.మీ. రేకుకి 16 మి.మీ. గాడి.

డ్రాయింగ్ గీసేవాళ్లకు చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఎయిర్ బెండింగ్‌లో మడత లోపలి రేడియస్‌ని తేల్చేది ప్రధానంగా గాడి వెడల్పే, డ్రాయింగ్‌లో రాసిన అంకె కాదు. మైల్డ్ స్టీల్‌కి అది గాడి వెడల్పులో సుమారు ఆరో వంతు వస్తుంది, స్టెయిన్‌లెస్‌కి ఇంకాస్త ఎక్కువ. మీరు 1 మి.మీ. అని రాసినా 16 గాడి మీద 2.6 దగ్గరే వస్తుంది.

దాంతో ఏం పోతుందో లెక్క వేసి చూద్దాం. రేకును మడిస్తే బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. దర్జీ కుట్టులోకి పోయే గుడ్డను ముందే లెక్కేసుకున్నట్టు, మడతకు ఎంత తగ్గించి కోయాలో మనమూ ముందే తేల్చుకోవాలి. 90 డిగ్రీల మడతలో వంపు పొడవు = 1.5708 × (రేడియస్ + కె × మందం). సాగకుండా, నొక్కుకుపోకుండా మిగిలే పొర లోపలి వైపు నుంచి మందంలో ఎన్నో వంతు దగ్గర ఉందో చెప్పే ఈ కె ఫ్యాక్టర్ సాధారణంగా 0.33 నుంచి 0.5 మధ్యలో ఉంటుంది. ఇక్కడ 0.42 అనుకుందాం. ఒక్కో మడతకు తగ్గించాల్సింది = 2 × (రేడియస్ + మందం) − వంపు పొడవు. రేడియస్ 2.6 అయితే 3.80 మి.మీ. తగ్గించాలి. డిజైనర్ రేడియస్ 1 అనుకుని లెక్క వేస్తే 3.11 మాత్రమే తగ్గిస్తాడు. మడతకు 0.69 తేడా. నాలుగు మడతలున్న ముక్కలో అది 2.7 మి.మీ. దాటుతుంది. ఆ ముక్క మీద బోల్టు కన్నాలు కలవకపోతే మేస్త్రిని తిట్టి లాభం లేదు.

కాబట్టి ప్రోగ్రామ్‌లో మొదటి ఫంక్షన్ ఇలా ఉండాలి: మందం, మెటీరియల్ ఇస్తే షాపులో ఉన్న డైల జాబితాలోంచి తగినదాన్ని ఎంచి, దాని గాడి వెడల్పు, వచ్చే రేడియస్, కనీస అంచు వెనక్కి ఇవ్వాలి. 8 రెట్లకు సరిపోయే డై షాపులో లేకపోతే ఉన్నవాటిలో దగ్గరి పెద్దది తీసుకుని, ఆ సంగతి రిపోర్టులో చెప్పాలి. కె ఫ్యాక్టర్ కూడా పుస్తకంలోంచి వద్దు. అదే రేకులో 100 మి.మీ. పట్టీ కోయించి, నడుమ ఒక్క మడత వేయించి, రెండు అంచుల బయటి కొలతలు కూడండి. ఆ మొత్తంలోంచి 100 తీసేస్తే ఆ డైకి ఆ రేకులో తగ్గించాల్సింది ఎంతో తెలిసిపోతుంది.

డీఎక్స్‌ఎఫ్ చదవడం

3డీ ఫైలుతో మొదలుపెట్టాలని మనసు లాగుతుంది. ఆగండి. ఐఎస్ఓ 10303 ప్రకారం వచ్చే స్టెప్ ఫైలును ఓపెన్ క్యాస్కేడ్ లైబ్రరీతో చదవొచ్చు గానీ, అందులో ఏ సిలిండర్ ముఖం మడతో, ఏది మామూలు కన్నమో తేల్చడమే పెద్ద ప్రాజెక్టు. షాపుకి ఎలాగూ మడవని రేకు బొమ్మ డీఎక్స్‌ఎఫ్‌లోనే వెళ్తుంది. 1982లో ఆటోక్యాడ్‌తో వచ్చిన ఫార్మాట్ ఇది. పైథాన్‌లో చదవడానికి ఈజీడీఎక్స్‌ఎఫ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది.

ఫైలు తెరవగానే యూనిట్లు చూడండి. హెడర్‌లో ఇన్‌స్‌యూనిట్స్ విలువ 4 ఉంటే మిల్లీమీటర్లు, 1 ఉంటే అంగుళాలు, 0 ఉంటే ఏమీ చెప్పలేదని అర్థం. 0 ఉన్నప్పుడు మిల్లీమీటర్లే అయుంటాయిలే అని వదిలేయకండి. బొమ్మ మొత్తం పొడవు, వెడల్పు లెక్కించి "ఈ ముక్క పొడవు 480 మి.మీ. కదా?" అని అడగండి. అవునో కాదో చెప్పడం మనిషికి క్షణం పని.

తర్వాత గీతల శుభ్రత. ఒకే గీత ఒకదానిపై ఒకటి రెండుసార్లు ఉంటే లేజర్ అదే దారిలో రెండుసార్లు వెళ్లి అంచు మాడుతుంది. చుట్టు గీత ఎక్కడైనా కలవకపోతే కటింగ్ ప్రోగ్రామ్‌కి లోపలేదో బయటేదో తెలియదు. 0.01 మి.మీ. లోపు ఖాళీని కలిపేయండి, అంతకు మించితే బొమ్మ మీద గుర్తు పెట్టి చూపించండి. మడత గీతలు వేరే లేయర్‌లో ఉండి తీరాలి. లేయర్ పేరేమిటో షాపుతో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఆ లేయర్ లేకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోవాలి. ఊహించి ముందుకెళ్తే మడత గీతనే కోసేసే ప్రమాదం ఉంది.

మొదటి మూడు రూల్స్

రూల్స్ పట్టికను కోడ్‌లో రాయకుండా ఎక్సెల్‌లో తెరవగలిగే సీఎస్‌వీ ఫైలులో పెట్టండి. షాపు యజమాని మీకు ఫోన్ చేయకుండానే అంకె మార్చుకోగలగాలి. ప్రతి వరుసలో రూల్ పేరు, ఏ మెషిన్, అంకె, ఎవరు చెప్పారు, ఏ తేదీ అన్న గడులు ఉండాలి. ఆ చివరి రెండు గడులు అనవసరమనిపిస్తాయి గానీ, ఏడాది తర్వాత "ఈ 5 ఎక్కడిది?" అని ఎవరైనా అడిగినప్పుడు అవే ఆదుకుంటాయి.

మొదటి రూల్ అంచు పొడవు. మడిచే అంచు గాడి భుజం మీద చివరిదాకా ఆనుకోవాలి, లేకపోతే జారి గాడిలో పడుతుంది. 90 డిగ్రీలకు కనీస అంచు గాడి వెడల్పులో సుమారు 0.7 వంతు. 16 గాడికి 11 మి.మీ., 10 గాడికి 7 మి.మీ. ట్రే అంచును అందంగా 5 మి.మీ. లోపలికి తిప్పాలని గీస్తారు చూడండి, అది ఇక్కడే దొరికిపోతుంది.

రెండోది మడత పక్కన కన్నం. మన జీడిపప్పు ట్రే 1.2 మి.మీ. స్టెయిన్‌లెస్ 304 రేకు, అడుగంతా 6 మి.మీ. కన్నాలు, డై గాడి 10 మి.మీ. అనుకోండి. మడత గీతకు రెండు వైపులా 5 మి.మీ. మేర రేకు కింద ఆధారం లేదు, గాడి నోరు తెరుచుకుని ఉంది. ఆ మేరలోకి వచ్చిన కన్నం మడతతో పాటు సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పుస్తకాల్లో దీనికే మందానికి రెండున్నర రెట్లు, పైన రేడియస్ అని రాస్తారు. మన ట్రేకి అది 5కి దగ్గరగానే వస్తుంది, పెద్ద తేడా లేదు. కానీ షాపులో 10 గాడి విరిగిపోయి 12 గాడితో మడిచిన రోజు పుస్తకం లెక్క కొంచెమే మారుతుంది, డై లెక్క 6కి మారుతుంది. నేనైతే డై లెక్కనే నమ్ముతాను.

కోడ్‌లో చేయాల్సింది ఇంతే: కన్నం కేంద్రం నుంచి మడత గీతకు దూరం కొలిచి, కన్నం వ్యాసార్ధం తీసేయడం. గీతను అనంతంగా సాగదీయకండి, అసలు మడత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంతవరకే కొలవాలి. లేదంటే మడతకు సంబంధం లేని మూలనున్న కన్నం మీద కూడా ఎర్ర గుర్తు పడుతుంది. గుండ్రంగా లేని కన్నాలకు షేప్లీ లైబ్రరీ దూరం లెక్కించి పెడుతుంది. పోలిక దగ్గర 0.01 మి.మీ. వెసులుబాటు ఉంచండి. 5 ఉండాల్సిన చోట కంప్యూటర్ 4.9999998 అని లెక్కగట్టి తప్పు చూపిస్తే, మేస్త్రి మీ ప్రోగ్రామ్‌ను మళ్లీ ముట్టుకోడు.

మూడోది నాలుగు గోడల ట్రేకి ప్రత్యేకం. ఎదురెదురు గోడలు రెండు లేచాక, మిగతా రెండు గోడలు మడిచేటప్పుడు పంచ్ ఆ లేచిన గోడల మధ్య ఇమడాలి. అందుకే షాపులో పంచ్‌ను ముక్కలుగా ఉంచుకుంటారు. యూరోపియన్ తరహా సెట్ మొత్తం 835 మి.మీ.: 10, 15, 20, 40, 50, 200, 300, ఇంకా చివర చెవిలా పొడుచుకొచ్చిన 100 మి.మీ. ముక్కలు రెండు. ట్రే లోపలి పొడవు 437 అయితే 300, 100, 20, 15 కలిపి 435 వస్తుంది, 2 మి.మీ. వెలితి, ఫరవాలేదు. ఇచ్చిన ముక్కల్లోంచి లోపలి పొడవుకు మించకుండా అతి దగ్గరి మొత్తం తేవడం, కాలేజీలో చదివిన సబ్‌సెట్ సమ్ లెక్కే. తొమ్మిది ముక్కలకు 512 కలయికలు, అన్నీ వరసగా చూసేసినా క్షణం పట్టదు. ఎంత వెలితి చెల్లుతుందో మేస్త్రినే అడగండి. గోడ ఎత్తు పంచ్ ఎత్తును మించినా పని జరగదు, పక్క గోడలు పైకి తగులుతాయి.

టన్నుల లెక్క పల్చటి రేకుకి పెద్దగా అక్కర్లేదు. మందపాటి ప్లేటుకి మాత్రం పెట్టండి: కిలోన్యూటన్లలో 650 × మందం × మందం × మీటర్లలో పొడవు ÷ గాడి వెడల్పు. 6 మి.మీ. మైల్డ్ స్టీల్, 2 మీటర్లు, 50 గాడి అయితే 936 కిలోన్యూటన్లు, అంటే ఇంచుమించు 95 టన్నులు. 100 టన్నుల మెషిన్ మీద అది అంచున నడిచే పని. స్టెయిన్‌లెస్‌కి దీన్ని ఒకటిన్నర రెట్లు చేయండి.

కొలతల తేడాల సంగతి కూడా చిన్నగా చూడొచ్చు. ఐఎస్ఓ 2768 మీడియం తరగతిలో 120 నుంచి 400 మి.మీ. కొలతకు ±0.5 చెల్లుతుంది. మడిచిన ట్రేకి ఎవరైనా ±0.05 అడిగితే, అది నిజంగా కావాలా, సాఫ్ట్‌వేర్ దానంతటది వేసిన అంకెనా అని ప్రోగ్రామ్ అడగాలి.

మెసేజ్ రాయడం

ఎక్కువ ప్రోగ్రామ్‌లు పాడయ్యేది ఇక్కడే. "రూల్ 2 విఫలమైంది" అని చూపిస్తే డిజైనర్‌కి ఏం చేయాలో తెలియదు. ఇలా ఉండాలి: "ఎడమ గోడ పక్క కన్నాల వరుస మడత గీతకు 3.2 మి.మీ.లో ఉంది. 10 గాడి డైకి 5 కావాలి. వరుసను 1.8 మి.మీ. లోపలికి జరపండి. జరపడం కుదరకపోతే ఆ వరుస తీసేయండి, లేదా మడిచాక డ్రిల్ చేయించండి." ఎక్కడ, ఎంత, ఏం చేయాలి. మూడూ లేని మెసేజ్‌ని బయటికి పంపకండి.

ట్రేలో ఆ వరుసలో 60 కన్నాలుంటే 60 మెసేజ్‌లు రాకూడదు. ఒకే మడత పక్కన, ఒకే సైజు, ఒకే దూరం ఉన్నవాటిని గుంపు చేసి ఒక్కటే చెప్పండి. తీవ్రతను మూడు మెట్లలో పెట్టండి: ఇలా అయితే పని ఆగుతుంది, మేస్త్రిని అడిగి చేయాలి, తెలిసి ఉంటే చాలు. మొదటి మెట్టులో పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అన్నీ ఎర్రగా కనబడితే ఎవరూ ఏదీ చదవరు.

రిపోర్టు తెలుగులో ఇస్తే షాపులో అందరూ చదువుతారు. అయితే పైథాన్‌లో పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీలు చాలావరకు, ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప, తెలుగు ఒత్తులు, గుణింతాలు విడగొట్టేస్తాయి. హెచ్‌టీఎంఎల్ పేజీ తయారుచేసి బ్రౌజర్ నుంచి ప్రింట్ తీయడం తేలిక, అక్షరాలు సరిగ్గా వస్తాయి. డ్రాయింగ్ మీద తెలుగు రాయాలని ప్రయత్నించకండి. తప్పున్న చోట కొత్త లేయర్‌లో ఒక వృత్తం, పక్కన 1, 2 అని నంబరు వేసి, వివరం పేజీలో ఇవ్వండి. పేజీలోనూ బొమ్మ ఉండాలి, ఎందుకంటే షాపుకి అది వాట్సాప్‌లోనే వెళ్తుంది. డీఎక్స్‌ఎఫ్‌ను ఫోన్‌లో తెరిచేవాళ్లు తక్కువ.

పాత డ్రాయింగ్‌లతో పరీక్ష

షాపు వాళ్లను అడిగి పాత ఫైళ్లు తెచ్చుకోండి, తిప్పి పంపినవీ, బాగా వచ్చినవీ రెండూ. తిప్పి పంపినదాన్ని ప్రోగ్రామ్ పట్టుకోకపోతే రూల్ తక్కువైనట్టు. బాగా వచ్చినదాని మీద "పని ఆగుతుంది" అంటే రూల్ ఎక్కువైనట్టు, నిజానికి ఇదే పెద్ద ప్రమాదం. అలాంటప్పుడు అంకె మార్చేయకుండా మేస్త్రిని అడగండి. "దానికి ముందు ఆ అంచు పొడవుగా ఉంచి మడిచి, తర్వాత కోశాం" అంటాడేమో. అప్పుడు అది "మేస్త్రిని అడిగి చేయాలి" మెట్టుకి దిగుతుంది, పక్కన ఆ ఉపాయం కూడా రాసుకోవచ్చు. ఈ ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంచి, కోడ్ మార్చిన ప్రతిసారీ అన్నింటినీ మళ్లీ నడపండి.

గీతలు చూసే ప్రోగ్రామ్‌కి అసలు ఆ ముక్క అవసరమా అన్నది కనబడదు. జెఫ్రీ బూత్రాయ్డ్, పీటర్ డ్యూహర్స్ట్ అని ఇద్దరు ఇంజినీర్లు ఈ విషయం మీదే పనిచేసి 1991లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ అందుకున్నారు. ప్రతి విడి ముక్క గురించి వాళ్లు వేసే ప్రశ్నలు మూడు: ఇది మిగతా ముక్కలతో పోలిస్తే కదలాలా, వేరే మెటీరియల్‌తోనే ఉండాలా, బిగించడానికో విప్పడానికో వేరుగా ఉండక తప్పదా? మూడింటికీ కాదు అని జవాబొస్తే దాన్ని పక్క ముక్కలో కలిపేయొచ్చేమో చూడాలి. ఫైలు అప్‌లోడ్ చేసే పేజీలోనే ఈ మూడూ టిక్ పెట్టే గడులుగా ఇవ్వండి. ట్రేకి విడిగా వెల్డ్ చేద్దామనుకున్న హ్యాండిల్ గోడలోనే కోసిన గాడిగా మారిపోతే వెల్డింగ్, గ్రైండింగ్, బఫింగ్ మూడూ తప్పుతాయి.

చివరగా, ప్రతి రిపోర్టు అడుగున రూల్స్ ఫైలు తేదీ, ఏ షాపు, ఏ డై అన్నది ప్రింట్ అయ్యేలా చూడండి. షాపు వాళ్లు 8 గాడి డై కొత్తగా కొన్నా, పాతది పక్కన పడేసినా డైల జాబితాలో ఒక వరుస మారుతుంది, ఆర్డర్‌లో ఉన్న పాత డ్రాయింగ్‌లన్నీ ఆ రోజే మళ్లీ చెక్ చేయించాలి.